పెన్‌డ్రైవ్ విలువ తెలిసిన జిరాక్స్ షాపు

విశాఖపట్నం ద్వారకానగర్‌లో, పౌర గ్రంథాలయం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక చిన్న జిరాక్స్ షాపు గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. పేరు రాయవద్దని యజమాని కోరారు కనుక రాయడం లేదు. కోచింగ్ సెంటర్లు నిండిన ప్రాంతం కావడంతో ఇలాంటి షాపులు అక్కడ అడుగడుగునా ఉన్నాయి, ధరలోనూ కాగితంలోనూ వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించదు. అయినా మధురవాడ నుంచి రెండు బస్సులు మారి ఏడాదిన్నరగా నేను ఇక్కడికే వస్తున్నానంటే, నా పెన్‌డ్రైవ్ వారి చేతికి వెళ్లి తిరిగి నా చేతికి వచ్చేలోగా దానికి ఏమి జరుగుతోందో కళ్లారా చూడగలిగిన షాపు నాకు ఇదొక్కటే దొరికింది కనుక.

ఈ పట్టింపు నాకు ఊరికే రాలేదు. నేను ఒక డిగ్రీ కళాశాలలో ఫిజిక్స్ చెబుతాను. రెండేళ్ల క్రితం మిడ్ పరీక్షకు ఐదు రోజుల ముందు, ఇంట్లో తయారుచేసుకున్న ప్రశ్నపత్రాన్ని మా ఇంటికి దగ్గర్లోని వేరొక షాపులో ప్రింటు తీయించాను. అక్కడి కుర్రాడు పెన్‌డ్రైవ్ పెట్టి, ఫైలు తెరిచి, ప్రింటు తీసి, పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టేశాడు. అంతా కలిపి రెండు నిమిషాల పని. మర్నాడు దాన్ని స్టాఫ్ రూమ్ కంప్యూటర్‌కు పెట్టినప్పుడు ఫోల్డర్ల బొమ్మల మీద ఎడమవైపు కింది మూలన చిన్న బాణం గుర్తు కనిపించింది కానీ, క్లిక్ చేయగానే లోపలి ఫైళ్లు ఎప్పటిలాగే వచ్చాయి కనుక దాన్ని నేను లెక్కచేయలేదు. నాలుగు రోజుల్లో నా సహోద్యోగుల పెన్‌డ్రైవ్‌లన్నింటిలోనూ అదే బాణం ప్రత్యక్షమైంది. పరీక్షకు ముందురోజు సాయంత్రం కంప్యూటర్లు చూసే టెక్నీషియన్ వచ్చి, ఇది తనంతట తానే యంత్రం నుంచి యంత్రానికి పాకే వార్మ్ అని, యంత్రంలో ఉన్న ఫైళ్లను బయటికి పంపే రకం కూడా కావచ్చని చెప్పారు. ప్రశ్నపత్రం బయటికి పోయిందో లేదో తేల్చుకునే దారి లేదు. ఆ రాత్రి కూర్చుని పత్రం మొత్తం మార్చి రాశాను. పిల్లల పరీక్ష మీద అనుమానపు నీడ పడకూడదన్న భయం తప్ప ఆ రాత్రి నాకు ఇంకేమీ తోచలేదు.

ద్వారకానగర్ షాపుకు మొదటిసారి వెళ్లింది ఆ తర్వాత కొన్ని నెలలకు. స్టాఫ్ రూమ్ యంత్రాలను ఫార్మాట్ చేయించిన గొడవలో, బ్యాగు అడుగున పడి ఉన్న రెండో పెన్‌డ్రైవ్ సంగతి పూర్తిగా మరిచిపోయి, ల్యాబ్ మాన్యువల్ ప్రింటు కోసం దాన్నే పట్టుకెళ్లాను. కౌంటర్ మీది కంప్యూటర్ తెర కొనుగోలుదారు వైపు తిరిగి ఉంటుంది, పని చేసేవారు పక్కకు ఒరిగి చూసుకుంటారు. యజమాని పెన్‌డ్రైవ్ పెట్టి, ఏమీ తెరవకుండా ఆగి, "మాస్టారూ, ఒకసారి ఇటు చూడండి" అన్నారు. ల్యాబ్ మాన్యువల్ అన్న పేరు తెర మీద రెండుసార్లు ఉంది. ఒకటి మామూలు ఫోల్డర్. రెండోదాని పేరు చివర డాట్ ఎల్ఎన్‌కే అని ఉంది, దాని పరిమాణం 2 కిలోబైట్లు కూడా లేదు. కిందికి వస్తే మిగతా ప్రతి ఫోల్డర్‌కూ అలాంటి జంటే ఉంది. అన్నింటికీ అడుగున, అర్థంపర్థం లేని అక్షరాల పేరుతో ఒక స్క్రిప్ట్ ఫైలు, అంటే యంత్రం నడిపించే ఆదేశాల ఫైలు, ఉంది. నా స్టాఫ్ రూమ్‌లో నాలుగు రోజులు తిరిగిన దొంగ ముఖాన్ని నేను మొదటిసారి చూసింది అప్పుడే.

నాకు కళాశాలలో కనిపించనిది అక్కడ కనిపించడానికి కారణం ఆ కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండటం. మనం షార్ట్‌కట్ వైరస్ అని పిలిచే ఈ రకం వార్మ్ చేసే మాయ చాలా సాదా మాయ. పెన్‌డ్రైవ్‌లోని అసలు ఫోల్డర్లకు అది హిడెన్, సిస్టమ్ అన్న గుర్తులు తగిలిస్తుంది. ఆ గుర్తులున్న ఫోల్డర్లను విండోస్ మామూలుగా చూపించదు. వాటి స్థానంలో అవే పేర్లతో, ఫోల్డర్ బొమ్మలతో షార్ట్‌కట్‌లు సృష్టిస్తుంది. షార్ట్‌కట్ పేరు చివరనుండే ఎల్ఎన్‌కే అన్న తోకను కూడా విండోస్ కనబడనివ్వదు కనుక, బాణం గుర్తు తప్ప అనుమానానికి ఆధారం ఉండదు. దాని మీద క్లిక్ చేసినప్పుడు అది ముందు స్క్రిప్ట్‌ను నడిపించి, వెంటనే అసలు ఫోల్డర్‌నూ తెరుస్తుంది. అడిగిన ఫైలు అడిగినట్టే దొరికిన మనిషికి సందేహం ఎందుకు వస్తుంది? లినక్స్ మాత్రం ఆ హిడెన్ గుర్తును పట్టించుకోకుండా ఉన్నదంతా చూపిస్తుంది, విండోస్ కోసం రాసిన ఆ స్క్రిప్ట్ అక్కడ నడవదు కూడా.

ఈ జాతి వార్మ్‌లకు చరిత్ర ఉంది, యజమాని జాగ్రత్త వెనుక ఆ చరిత్ర అంతా ఉందని ఆయనతో మాట్లాడినప్పుడల్లా అనిపిస్తుంది. 2000ల్లో పెన్‌డ్రైవ్ పెట్టడమే ఆలస్యం, దానిలోని ఆటోరన్ ఫైలు చెప్పిన పనిని విండోస్ తెర మీది పెట్టెలో ఒక వరుసగా చూపి, ఒక్క నొక్కుతో చేసిపెట్టేది. 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ వార్మ్, ఆ ఏడాది చివర వచ్చిన తన రెండో రూపంలో దీన్నే వాడుకుంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే వచ్చే పెట్టెలో, ఫైళ్లు చూడటానికి ఫోల్డర్ తెరవండి అన్న అసలు వరుసకు పైన, అవే మాటలతో, అచ్చం అలాంటి బొమ్మతోనే ఇంకొక వరుస చేర్చింది. ఆ పై వరుస నొక్కినవారు వార్మ్‌ను స్వహస్తాలతో ఆహ్వానించినట్టే. విండోస్ 7లో మైక్రోసాఫ్ట్ ఈ తలుపు మూసింది, 2011 ఫిబ్రవరిలో పాత ఎక్స్‌పీ, విస్టాలకూ అప్‌డేట్ ద్వారా మూసింది. తలుపు మూతపడ్డాక మనిషి వేలితోనే క్లిక్ చేయించుకునే షార్ట్‌కట్ పద్ధతి ఇంటింటికీ వచ్చింది. అంతకుముందే, 2010లో బయటపడిన స్టక్స్‌నెట్‌కైతే క్లిక్ కూడా అక్కర్లేకపోయింది. షార్ట్‌కట్ బొమ్మను తెర మీద గీయడంలో విండోస్‌కు ఉన్న లోపాన్ని పట్టుకుని, ఫోల్డర్‌ను చూసినంత మాత్రానే అది యంత్రంలోకి దిగేది. ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రాన్ని గురిపెట్టిన వార్మ్ అది. ఆ లోపాన్ని 2010 ఆగస్టులో సరిచేశారు. అప్‌డేట్ చేయని పాత విండోస్‌తోనే ఇప్పటికీ నడుస్తున్న షాపుకు వెళ్లడానికి నేను వెనకాడేది అందుకే.

దొంగతనం విషయానికి వస్తే, ఇంటర్నెట్ లేని కంప్యూటర్ నుంచి ఫైళ్లు ఎలా పోతాయని నా సహోద్యోగులు చాలామంది అడిగారు. పెన్‌డ్రైవే ఆ వార్మ్‌కు తపాలా సంచి. నెట్ లేని యంత్రంలో తనకు కావలసిన పత్రాలను వెతికి, పెన్‌డ్రైవ్‌లో కనబడని ఫోల్డర్‌లో దాచుకుంటుంది. అదే పెన్‌డ్రైవ్ తర్వాత నెట్ ఉన్న యంత్రానికి తగిలినప్పుడు, దాచినదాన్ని తనను నడిపించేవారికి పంపేస్తుంది. విశాఖవాసులకు ఇది దూరపు కథ కాదు. 2012 జూలైలో వార్తాపత్రికలు రాసిన దాని ప్రకారం, ఇక్కడి తూర్పు నౌకాదళ కేంద్రంలో నెట్‌తో సంబంధం లేకుండా విడిగా ఉంచిన కంప్యూటర్లకు పెన్‌డ్రైవ్‌ల ద్వారా చేరిన వార్మ్ సరిగ్గా ఈ పద్ధతిలోనే ఫైళ్లను పోగుచేసి, చైనాలోని ఐపీ చిరునామాలకు, అంటే నెట్‌లో యంత్రాలకుండే అంకెల చిరునామాలకు, పంపింది. నౌకాదళం విచారణ జరిపింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2008లో ఏజెంట్ బీటీజెడ్ అన్న వార్మ్ అమెరికా సైన్యపు నెట్‌వర్క్‌లోకి పశ్చిమాసియాలోని ఒక స్థావరంలో పెట్టిన పెన్‌డ్రైవ్ ద్వారానే చేరింది. ఆ దెబ్బకు అమెరికా రక్షణ శాఖ పెన్‌డ్రైవ్‌ల వాడకాన్నే నిషేధించింది.

ఇవన్నీ సైన్యాల సంగతులు, మన జిరాక్స్ షాపుకేమిటి అనుకునేవారికి ప్లగ్‌ఎక్స్ అనే గూఢచారి ప్రోగ్రామ్ ఉదంతం చెప్పాలి. పెన్‌డ్రైవ్‌లలో పాకేలా తయారైన దీని రూపం ఒకటి, కంటికి కనబడని ఖాళీ అక్షరాన్నే పేరుగా పెట్టుకున్న ఫోల్డర్‌లో దాగి ఉంటుంది. పీడీఎఫ్, వర్డ్ ఫైళ్లను ఏరుకుని పెన్‌డ్రైవ్‌లో దాచుకునే రకం కూడా ఇందులో ఉంది. దాన్ని నడిపించినవారు వదిలేసిన సర్వర్ చిరునామాను ఫ్రాన్స్‌కు చెందిన సైబర్ భద్రతా సంస్థ సెకోయా 2023 సెప్టెంబరులో 7 డాలర్లకు తీసుకుని గమనిస్తే, ఆరు నెలల్లో 170 దేశాల నుంచి దాదాపు 25 లక్షల ఐపీ చిరునామాలు దాన్ని పలకరించాయి. ఎక్కువ సంఖ్యలో కనిపించిన దేశాల్లో మనదీ ఒకటి. అడిగేవారు లేకపోయినా, ఆ వార్మ్ ఇన్నాళ్లూ పెన్‌డ్రైవ్ నుంచి పెన్‌డ్రైవ్‌కు పాకుతూనే ఉందన్నమాట. ఊరి పెన్‌డ్రైవ్‌లన్నీ కలుసుకునే కూడలి ఏదైనా ఉంటే అది జిరాక్స్ షాపు కౌంటరే కదా.

ఈ షాపులో కౌంటర్ కంప్యూటర్‌కు నెట్ లేదు, ప్రింటర్‌కు వైరు తప్ప వేరే కనెక్షన్ లేదు. పీడీఎఫ్ అయితే పెన్‌డ్రైవ్ నుంచే తెరిచి ప్రింటు ఇస్తారు, కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోరు. వర్డ్ ఫైలులో మార్పులు చేయాల్సి వస్తే మాత్రం డెస్క్‌టాప్ మీద ఉన్న ఒకే ఒక్క ఫోల్డర్‌లో పెట్టుకుని, పని కాగానే మన ఎదుటే తీసేస్తారు. తీసేసిన ఫైలును ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ వెలికితీసే వీలుంటుందన్నది నిజమే, కనుక నేను వర్డ్ ఫైలు పట్టుకెళ్లడం మానేశాను. దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇంట్లో విండోస్‌లో గౌతమి ఫాంటుతో టైపు చేసిన తెలుగు ఫైలు ఇక్కడి లినక్స్‌లో తెరిస్తే ఫాంటు మారి, వరుసలు జారి, మూడు పేజీల పత్రం నాలుగు పేజీలయింది. పీడీఎఫ్‌గా చేసి తెస్తే ఆ చిక్కు లేదు.

లోపం లేదని చెప్పను. ఇక్కడి తెలుగు డీటీపీ పని ఇంకా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్ల మీదే నడుస్తోంది, వాటికి విండోస్ కావాలి. అందుకోసం లోపలి గదిలో ఒక విండోస్ కంప్యూటర్ ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాల ఫైళ్లు తెచ్చేవారి పెన్‌డ్రైవ్‌లు చివరికి దానికే తగులుతాయి. ముందు కౌంటర్‌లో చూసిన తర్వాతే లోపలికి పంపడం వారి పద్ధతి. కానీ పెళ్లిళ్ల సీజన్‌లో ఒక శనివారం సాయంత్రం, రద్దీలో కొత్తగా చేరిన అబ్బాయి రెండు పెన్‌డ్రైవ్‌లను నేరుగా లోపలికి తీసుకెళ్లడం నేను చూశాను. యజమానికి చెబితే నొచ్చుకుని ఆ అబ్బాయిని పిలిచి వివరించారు. అయినా మనిషి అలవాటు మీద ఆధారపడిన జాగ్రత్త రద్దీవేళ జారుతుంది, కనుక డీటీపీ పని ఉన్నవారు తీరిక వేళల్లో వెళ్లాలి.

వాట్సాప్‌లో పంపితే ప్రింటు తీసే సదుపాయం కూడా ఉంది. పెన్‌డ్రైవ్ బెడద దానికి లేదు గానీ, మన ఫైలూ ఫోన్ నంబరూ షాపు ఫోన్‌లో నిలిచిపోతాయి. హాల్ టికెట్ వంటివాటికి ఫరవాలేదు, ప్రశ్నపత్రాలకూ ఆధార్ కాపీలకూ నేను వాడను.

యజమాని సలహా మీద నేను రాత నిరోధించే చిన్న మీట ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి కొన్నాను. ఆ మీట పెన్‌డ్రైవ్ లోపలి కంట్రోలర్ చిప్‌కే ఆదేశం ఇస్తుంది కనుక, వార్మ్ ఉన్న యంత్రానికి పెట్టినా పెన్‌డ్రైవ్‌లో అదేమీ రాయలేదు. కెమెరా ఎస్‌డీ కార్డుల పక్కనుండే మీట ఇంత నమ్మదగినది కాదు, దాన్ని మన్నించాలో వద్దో కార్డు రీడరే నిర్ణయిస్తుంది. అయితే మీట రాతను ఆపుతుందే తప్ప చదవడాన్ని ఆపదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా ఎదుటి యంత్రం కాపీ చేసుకోగలదు. అందుకే ఇప్పుడు ప్రింటు తీయాల్సిన ఒక్క ఫైలు తప్ప అందులో వేరేదేమీ ఉంచను, మిగతా ఫైళ్ల పెన్‌డ్రైవ్ ఇల్లు దాటదు.

ముద్రణ స్పష్టంగా ఉంటుంది, రేఖాచిత్రాల్లో సన్నని గీతలు కూడా తెగవు. స్పైరల్ బైండింగ్ బాగుంది, లామినేషన్ సాధారణంగా ఉంది. కూర్చోవడానికి చోటు లేదు. 5కి 4 ఇస్తున్నాను, తగ్గించిన ఒకటి లోపలి గదిలోని విండోస్ కంప్యూటర్ కోసమే.

మొన్న మళ్లీ మిడ్ పరీక్షల పత్రం తీసుకెళ్లాను. ఈసారి ఒక సహోద్యోగి రాసిన ప్రశ్నలు వర్డ్‌లోనే ఉండటంతో, వద్దనుకుంటూనే ఆ ఫైలును వారి ఫోల్డర్‌లో పెట్టనివ్వక తప్పలేదు. ప్రింటు అయ్యాక నేను అడగకముందే యజమాని ఫైలును తీసేసి, ఆ ఫోల్డర్‌నూ, తర్వాత ట్రాష్‌నూ తెరిచి చూపించి, "ఖాళీయే కదా మాస్టారూ" అని నేను తల ఊపాకే డబ్బు తీసుకున్నారు.