రాత్రి డ్యూటీలో రెండేళ్లు వాడాక: నిద్ర లెక్కేసే బ్యాండ్

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఓ లాడ్జిలో రాత్రి రిసెప్షన్ నాది. తొమ్మిదికి ఎక్కితే పొద్దున ఏడుకి దిగుతా. రైలు దిగే యాత్రికులకు అర్ధరాత్రీ అపరాత్రీ ఉండదు, కౌంటర్ మీద తల వాల్చే వీలే తక్కువ. రెండేళ్ల కిందట 1,800 పెట్టి ఈ బ్యాండ్ కొన్నా. అడుగులు, మెసేజీల గురించి అందరూ రాసేవే. నేను నిద్ర గ్రాఫ్ సంగతే చెప్తా.

మామూలు రోజుల్లో కొర్లగుంటలో ఇంటికొచ్చి ఎనిమిదిన్నరకు పడుకుంటే, గాఢనిద్ర చూపే ముదురు నీలం రంగు మొదలవడానికి అరగంట పట్టేది. పోయిన బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు పగటి డ్యూటీ కుర్రాడు రాలేదు. అతని డ్యూటీ కూడా నేనే చేశా, కునుకన్నది లేదు. మర్నాడు ఇంటికొచ్చి చెప్పులెక్కడ విడిచానో తెలీదు. గ్రాఫ్‌లో పన్నెండో నిమిషానికే నీలం! గాఢనిద్ర రెండు గంటలు దాటింది. స్కోరు 91, పక్కన నవ్వు మొహం.

తర్వాత కూడా ఇదే వరస. నిద్ర ఎంత చెడితే అంత మంచి మార్కులు. బ్యాండ్ పాడైందనుకున్నా, కాదు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుంటుంది, నిద్ర ఒత్తిడి, అంటే నిద్ర ముంచుకొచ్చే బలం, పెరుగుతుంది. కన్ను మూతపడగానే మెదడు పైపై దశల్ని గబగబా దాటేసి నెమ్మది అలల్లోకి, అంటే గాఢనిద్రలోకి, దిగిపోతుంది. ఆ అలలు కూడా మామూలుకంటే పెద్దవి. 1982లో నిద్ర పరిశోధకుడు అలెగ్జాండర్ బోర్బెలీ చెప్పిన నమూనాలో ఒక భాగం ఇదే, రెండోది శరీర గడియారం. బాకీ తీరకపోయినా పన్నెండున్నరకల్లా నన్ను లేపేసేది ఆ రెండోదే.

ఆ రోజే ఇంకోటి జరిగింది. పడుకున్న నలభై నిమిషాలకు గ్యాస్ బండ అబ్బాయి వచ్చాడు, అమ్మ ఇంట్లో లేదు. తలుపు బాదగా బాదగా లేచి తీసి, "రూములు లేవు సార్, అన్నీ ఫుల్" అని మళ్లీ వేసేశానట. నాకు గుర్తులేదు, పక్కింటి అక్క సాక్ష్యం. గ్రాఫ్‌లో మాత్రం నీలం మధ్య మెలకువ చూపే పసుపు చీలిక రెండు నిమిషాలు ఉంది.

లోపాలా, ఉన్నాయి. కదలకుండా ఫోన్ చూస్తూ పడుకుంటే నిద్రపోయావనేస్తుంది. చేతి కదలిక, గుండె వేగం చూసి వేసే అంచనాయే కదా. మెదడు అలలు చూడాలంటే తలకు తీగలు పెట్టాల్సిందే. నిమిషాల లెక్కను పట్టుకుని వేలాడొద్దు. గంటలోపు కునుకుల ఊసే ఎత్తదు. మే నెల చెమటకు పట్టీ కింద దద్దుర్లు. పదిరోజుల ఛార్జింగ్ అన్నారు, అయిదు రోజులొస్తే గొప్ప.

పనికొచ్చింది టీ విషయంలో. కెఫీన్ అడినోసిన్ కూర్చునే చోట తాను కూర్చుంటుంది, అందులో సగం దిగడానికే సుమారు 5 గంటలు. తెల్లవారి అయిదు గంటల టీ రెండు వారాలు మానేసి చూశా. నిద్ర చెడకుండానే నీలం ఇరవై నిమిషాలకు వచ్చింది. ఇప్పుడు ఆఖరి టీ రెండు గంటలకే.

నిద్రలేని మర్నాడు శభాష్ అనే ఆ స్కోరును ఆపేసే వీలు లేదు, అదే నా కోపం. అందుకే 5కి 3. పన్నెండు నిమిషాలకే నీలం కనిపించిన రోజు సాయంత్రం నేను బండి తీయను, డ్యూటీకి ఆటోలో పోతా.