ఫ్లూ మహమ్మారి టీకా: కోడిగుడ్డులో పెంచితే మేలా, కణాల్లోనా?

2009 ఏప్రిల్‌లో కొత్త ఫ్లూ వైరస్ హెచ్‌1ఎన్‌1 (స్వైన్ ఫ్లూ) బయటపడింది. మే నెలాఖరుకల్లా టీకాకు కావాల్సిన విత్తన వైరస్, అంటే ఫ్యాక్టరీలు పెంచుకోవడానికి ఇచ్చే మూల వైరస్, తయారైంది. అయినా అమెరికాలో తొలి డోసులు అక్టోబరులో గానీ అందలేదు. ఆ నెలాఖరుకే అక్కడ రెండో విడత ఉద్ధృతి శిఖరానికి చేరింది. ఆ వైరస్ గుడ్లలో మొదట్లో సరిగా పెరగకపోవడం జాప్యానికి ఒక ముఖ్య కారణం.

గుడ్డు పద్ధతి పాతది, చవకైంది. పదకొండు రోజుల దాకా పొదిగిన గుడ్డులో, పిండం పక్కనున్న ద్రవంలోకి వైరస్ ఎక్కించి రెండు మూడు రోజులు వెచ్చగా ఉంచుతారు. తర్వాత రాత్రంతా చల్లబరుస్తారు. అప్పుడు రక్తనాళాలు ముడుచుకుని, తోడే ద్రవంలో రక్తం కలవదు. ఒక రకం వైరస్‌కు ఇంచుమించు గుడ్డుకో డోసు లెక్క. అంటే కోటి డోసులకు కోటి గుడ్లు, అవీ పుంజు కలిసినవి, నెలల ముందే చెప్పి ఉంచుకోవాల్సినవి. బర్డ్ ఫ్లూ అయితే ఆ కోళ్లకే ముప్పు. పైగా సహజ బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్‌5ఎన్‌1 పిండాన్నే చంపేస్తుంది కాబట్టి, ముందు దాని జన్యువులో ప్రాణాంతకమైన ముక్కను తీసేయాలి. గుడ్డుకు అలవాటుపడే క్రమంలో వైరస్ పైతొడుగు మారిపోవడం ఇంకో చిక్కు. 2016-17లో హెచ్‌3ఎన్‌2 అనే సీజనల్ ఫ్లూ రకంపై టీకా సరిగా పనిచేయకపోవడానికి ఇదీ ఒక కారణం.

కుక్క మూత్రపిండ కణాల్లో పెంచితే ఈ మార్పు బాగా తగ్గుతుంది. కణాలు ఫ్రీజర్‌లో సిద్ధంగా ఉంటాయి, బయోరియాక్టర్లో, అంటే కణాలు పెంచే పెద్ద తొట్టెలో, పెంచుకోవచ్చు. కానీ ఫ్యాక్టరీ ముందే నడుస్తూ ఉండాలి. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ ఇలాంటి కణాల్లోనే చేసిన హెచ్‌1ఎన్‌1 టీకా హెచ్‌ఎన్‌వ్యాక్ విడుదలయ్యేసరికి 2010 వచ్చేసింది. ఏ పద్ధతైనా, టీకా బలాన్ని కొలవడానికి వాడే గొర్రె యాంటీసీరం (వైరస్‌ను గుర్తుపట్టే యాంటీబాడీలున్న గొర్రె రక్తద్రవం) సిద్ధమవడానికి వారాలు ఆగాల్సిందే. జనం దీన్ని లెక్కలోకి తీసుకోరు.

పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ ముక్కులో వేసే టీకా నాసోవ్యాక్ గుడ్డులోనే పెరుగుతుంది, కానీ బతికున్న బలహీన వైరస్ కాబట్టి ఒక్క గుడ్డుతో ఎన్నో డోసులొస్తాయి. గర్భిణులకు మాత్రం ఇవ్వకూడదు. 2009లో ఎక్కువ ప్రమాదంలో పడినవారిలో వాళ్లూ ఉన్నారు.

మనంత జనాభా ఉన్న దేశానికి నా ఓటు రెండింటికీ కలిపి: బడి పిల్లలకు ముక్కు టీకా, గర్భిణులకు కణాల్లో చేసిన చంపిన వైరస్ టీకా. ఆ కణాల ఫ్యాక్టరీని ఏటా సీజనల్ ఫ్లూ టీకాతో నడుపుతూనే ఉండాలి.