మా వీధి వాట్సాప్ గ్రూపు: ఏడేళ్లు వాడాక నా మాట

వస్తువు కొన్న వారానికే రాసేసే సమీక్షలు నేనూ చదువుతాను గానీ నమ్మను. అందుకే దీని గురించి రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. నేను మా వీధి గ్రూపులో చేరింది 2018లో. అప్పుడు 40 మందిమి. ఇప్పుడు 380 దాటాం. మధ్యలో ఒకసారి కోపమొచ్చి బయటికి వచ్చేశాను. పదకొండు రోజులకు సిగ్గు విడిచి మళ్లీ చేర్చుకోమని అడిగాను. ఆ పదకొండు రోజుల్లో ఏం జరిగిందో చెబితే సగం సమీక్ష అయిపోయినట్టే. మా ఇంటి ముందు రోడ్డు తవ్వుతున్నారని వీధిలో అందరికీ తెలుసు, నాకు తప్ప. పొద్దున్నే లేచి చూస్తే బండి గేటు లోపల, గొయ్యి గేటు బయట.

పెద్ద ఊళ్లో పేపరుకెక్కని వార్తలే మనకు ఎక్కువ పనికొస్తాయి. దేశంలో ఏం జరుగుతోందో చెప్పడానికి వందమంది ఉన్నారు. మా సందులో నీళ్లు ఎందుకు రాలేదో చెప్పేవాడు ఒక్కడూ ఉండడు. మా గ్రూపులో ఇన్నేళ్లుగా ఎక్కువసార్లు కనిపించిన మెసేజ్ ఏమిటంటే "కరెంటు ఉందా?" అంతే, రెండు మాటలు. రెండు నిమిషాల్లో ఓ ఎనిమిది జవాబులు వస్తాయి. అందరికీ పోతే నిశ్చింతగా కూర్చోవచ్చు. మనకొక్కరికే పోతే ఎలక్ట్రీషియన్‌ని పిలుచుకోవాలి. ఈ ఒక్క తేడా తెలుసుకోవడానికి ఇదివరకు డాబా ఎక్కి నాలుగు దిక్కులా చూసేవాళ్లం. ఆ తర్వాతి స్థానం దొరికిన తాళంచెవుల ఫొటోలది, హెడ్‌లైట్ ఆర్పకుండా వదిలేసిన కార్ల నంబర్లది. ఈ మాత్రం పనికి గ్రూపు పెట్టుకోవాలా అనిపించవచ్చు. ఒకసారి బ్యాటరీ అయిపోయి ఆఫీసుకు లేటైన మనిషిని అడగండి.

ఇక బాధలు. మొదటిది లెక్కకు సంబంధించింది. అప్పట్లో ఒక గ్రూపులో 256 మందికి మించి చేరడానికి వీల్లేదు. 2021లో మేం ఆ గీత దగ్గరికి వచ్చేశాం. 257వ మనిషి కోసం 'మన వీధి-2' అని ఇంకోటి పుట్టింది. పేర్లు ఒకటి, రెండు అని పెట్టుకున్నాం గానీ, రెండోదాంట్లో ఉన్నవాళ్లకు అదేదో వెయిటింగ్ లిస్టులా అనిపించేది. అసలు చిక్కు అది కాదు. మొదటిదాంట్లో వచ్చిన కబురును ఎవరో ఒకరు రెండోదానికి పంపాలి. అలా పంపితే దాని నెత్తిన 'ఫార్వర్డ్' అన్న ముద్ర పడుతుంది. ఆ ముద్ర కనిపిస్తే చాలు, నమ్మకండి, ముందు కనుక్కోండి అని అంతకు మూడేళ్లుగా మేమే అందరికీ నూరిపోశాం. బాగా నేర్చుకున్నారు పాపం. "రేపు ఉదయం 6 నుంచి ట్యాంకు కడుగుతున్నారు, నీళ్లు పట్టి ఉంచుకోండి" అన్న కబురు రెండో గ్రూపుకు ముద్రతో సహా వెళ్లింది. అక్కడ ఒకాయన "ఇలాంటి పుకార్లు పంపొద్దు" అని హితబోధ చేశాడు. దానికి ఇరవైమంది బొటనవేలు చూపించారు. మర్నాడు పొద్దున సగం వీధి ఒళ్లంతా సబ్బుతో నిలబడింది. అప్పటినుంచి అడ్మిన్ అక్క (వీధి చివరింట్లో ఉంటారు) ప్రతి కబురునూ రెండోచోట తన వేళ్లతో కొత్తగా టైపు చేసి, కింద తన పేరు రాసేవారు. 2022లో పరిమితి ముందు 512కి, ఏడాది చివరికి 1024కి పెరిగింది. రెండు గ్రూపులూ కలిసిపోయాయి. 'మన వీధి-2' మాత్రం ఇంకా నా ఫోనులో ఉంది. ఏటా జనవరి ఒకటిన ఎవరో ఒకాయన అందులో శుభాకాంక్షలు పెట్టి వెళ్తుంటాడు.

రెండో సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2023 వానాకాలం, రాత్రి తొమ్మిదిన్నర దాటింది. మా వరసలో ఉండే ఒకమ్మాయి గ్రూపులో పెట్టింది: "అమ్మ కనిపించడం లేదు. దయచేసి అందరికీ పంపండి." ఒక ఫొటో, తన ఫోను నంబరు. వాళ్లమ్మగారికి కొన్నాళ్లుగా మతిమరుపు. ఆ ఫొటో ఎప్పటిదో, ఏదో వేడుకలో తీసింది. క్షణాల్లో దణ్ణాల బొమ్మలు మొదలయ్యాయి. నేను లెక్కపెట్టాను, 31. "దేవుడి దయవల్ల క్షేమంగా రావాలి" అన్నవి ఇంకో పది. తప్పని అనను, నేనూ ఒకటి పెట్టాను. కానీ ఆ గుట్ట కింద అసలు మెసేజ్ ఎక్కడో పైకి పోయి, కొత్తగా చూసేవాళ్లకు దణ్ణాలే కనబడుతున్నాయి తప్ప ఎందుకో తెలియడం లేదు. అప్పుడు చివరింటి అక్క వరసగా అడిగారు. "ఎన్నింటికి బయల్దేరారు? ఇప్పుడు ఒంటి మీద ఏ రంగు బట్టలు? చెప్పులు వేసుకున్నారా? ఇదివరకు ఎటువైపు వెళ్లేవారు?" నాలుగో ప్రశ్నకు అమ్మాయి రాసిన జవాబుతో అంతా తేలిపోయింది. వాళ్లమ్మగారు ఉద్యోగం చేసిన రోజుల్లో పొద్దున్నే బస్సెక్కే స్టాపు ఒకటుంది, నడిస్తే ఇరవై నిమిషాలు. ఎప్పుడూ గ్రూపులో నోరు మెదపని ఒక కుర్రాడు "నేను అటే ఉన్నా" అని ఒక్కమాట రాసి మాయమయ్యాడు. కాసేపటికి ఫొటో పెట్టాడు. స్టాపులో బల్ల మీద చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, బస్సు కోసం చూస్తూ కూర్చున్నారావిడ. చెప్పుల్లేవు.

అంతా కలిపి నలభై నిమిషాలు. ఆ రాత్రి ఈ గ్రూపుకు నూటికి నూరు మార్కులూ ఇచ్చాను.

ఏడాదిన్నర తర్వాత వేరే ఊళ్లో ఉన్న మా బంధువు ఒకరు నాకే ఆ మెసేజ్ పంపారు. అదే ఫొటో, అదే నంబరు. కింద ఎవరో చేర్చిన నాలుగు లైన్లలో మాత్రం ఊరు మారిపోయింది. ఆ అమ్మాయిని కలిసినప్పుడు అడిగితే, "ఇప్పటికీ నెలకోసారైనా ఎవరో ఒకరు ఫోన్ చేసి అమ్మ దొరికిందా అంటారండీ" అంది. మనం పంపినదాన్ని 'అందరికీ తొలగించు' నొక్కి తీసేయవచ్చు గానీ, దానికి ఉన్న గడువు రెండు రోజుల పన్నెండు గంటలే. అదీ మన గ్రూపులో ఉన్న కాపీనే పోతుంది. ఇతరులు పట్టుకెళ్లింది పట్టుకెళ్లిందే. ఒక మెసేజ్‌ని ఒకసారికి 5 చాట్‌లకు మించి పంపకుండా 2019 మొదట్లోనే ప్రపంచమంతటా కట్టడి పెట్టారు. బాగా చేతులు మారినవాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా 2020 ఏప్రిల్లో ఇంకా బిగించారు. దాంతో అలాంటివి 70 శాతం తగ్గాయని కంపెనీ అప్పట్లో ప్రకటించింది. ఆ మిగిలిన 30 శాతంలో మా వీధి అమ్మగారు ఉన్నారు.

అప్పటినుంచి మా దగ్గర ఒక పద్ధతి వచ్చింది. ఎవరైనా తప్పిపోయినా, రక్తం కావలసి వచ్చినా మెసేజ్ మొదటి లైన్లోనే తేదీ, టైము, మా వీధి పేరు రాయాలి. రేపు ఎక్కడికి కొట్టుకుపోయినా చదివినవాడికి ఇది పాతదని తెలుస్తుంది. పని అయిపోయాక పాత మెసేజ్ దిద్దుదామంటే దిద్దడానికి 15 నిమిషాలే వ్యవధి. కనుక దానికే జవాబుగా "దొరికారు, ఇక పంపకండి" అని పెడతాం. చిన్న పనే. కానీ మామూలుగా ఎవరూ చేయరు.

పొద్దున్నే వచ్చే పూల బొమ్మల గురించి తిట్టకుండా ఇలాంటి సమీక్ష ముగియదని నాకు తెలుసు. నేనూ తిట్టినవాణ్ణే, కోపంతో వెళ్లిపోయింది కూడా వాటి మీదే. కానీ ఒక ప్రయోగం నా అభిప్రాయాన్ని మార్చింది. పూలు, జోకులు, సూక్తులు ఏవీ లేకుండా అడ్మిన్లు మాత్రమే రాయగలిగే గ్రూపు ఒకటి విడిగా పెట్టాం. కబుర్లు మాత్రమే, నీట్‌గా. నేనే పట్టుబట్టాను. మొదటి నెల బ్రహ్మాండం. మూడో నెలలో నీళ్ల కబురు ఒకటి పెట్టి, మెసేజ్ ఇన్ఫో నొక్కి చూశాం. ఒక రోజు గడిచినా చూసినవాళ్లు 90 దాటలేదు. అదే కబురు పాత గ్రూపులో, రెండు గులాబీలకూ ఒక సూక్తికీ నడుమ, 300 మంది కంటబడింది. ఎందుకో ఆలోచిస్తే తేలిగ్గానే అర్థమైంది. రోజూ ఎవరో ఒకరు ఏదో అంటారని జనం గ్రూపు తెరుస్తారు. తెరిచినప్పుడు నీళ్ల సంగతి కూడా కంటబడుతుంది. పని ఉంటే తప్ప పలకరించని చుట్టం మాట ఎవరు పట్టించుకుంటారు? విడి గ్రూపును మూసేశాం. పూలు పూస్తూనే ఉన్నాయి. నేను మ్యూట్ చేసి, ఫొటోలు వాటంతటవే దిగకుండా సెట్టింగ్ మార్చుకున్నాను, అంతే.

నేను మార్కులు తగ్గించేది ఇక్కడ కాదు, అనుమానపు ఫొటోల దగ్గర. ఒక సాయంత్రం ఎవరో మేడమీంచి తీసిన ఫొటో పెట్టారు. "ఎవరో కుర్రాడు గంటనుంచి గేట్ల దగ్గర తిరుగుతున్నాడు, జాగ్రత్త." పది నిమిషాల్లో గ్రూపంతా పోలీసులైపోయింది. ఇదివరకు చూశామన్నవాళ్లు ఇద్దరు, సంచిలో ఏదో ఉందన్నవాడు ఒకడు. ఆ కుర్రాడు, పక్క సందులో కొత్తగా దిగిన ఒకావిడ తమ్ముడు. అక్క ఆఫీసు నుంచి వచ్చి తాళం తీసేదాకా నిలబడ్డాడు. ఆవిడ అప్పటికే గ్రూపులో ఉంది. బస్సులో వస్తూ తమ్ముడి ఫొటో, దాని కింద మా మాటలు అన్నీ చదువుకుంది. ఏమీ అనలేదు. ఇప్పుడు గ్రూపులోంచి ఎవరు వెళ్లిపోయినా అడ్మిన్లకు తప్ప మిగతావాళ్లకు కబురు రాదు. ఆవిడ వెళ్లిపోయిందని నాకు నాలుగు నెలలకు గానీ తెలియలేదు. క్షమాపణ చెప్పడానికి నేను వాళ్ల మెట్లెక్కితే తలుపు తీసింది, లోపలికి రమ్మనలేదు. నేను ఆ రోజు ఏమీ రాయలేదు. కానీ ఆపండి అని కూడా రాయలేదు.

ఇది మా ఒక్కరి జబ్బు కాదు. ఇరుగుపొరుగు కోసమే అమెరికాలో 2011లో మొదలైన నెక్స్ట్‌డోర్ అనే యాప్‌లోనూ ఒంటి రంగు చూసి దొంగలనుకునే పోస్టులు పెరిగి గొడవైంది. 2016లో వాళ్లు పోస్టు రాసే ఫారమే మార్చారు. మనిషి జాతి రాస్తే, వేసుకున్న బట్టల్లాంటి వేరే వివరాలు కూడా రాస్తే గానీ పోస్టు ముందుకు కదలకుండా చేశారు. మా దగ్గర ఫారం లేదు. చివరింటి అక్క ఒక్క లైను పిన్ చేశారు: "మనిషి ఎలా ఉన్నాడో కాదు, ఏం చేశాడో రాయండి." గోడ దూకితే రాయొచ్చు. నిలబడితే రాయకూడదు. సగం రోజులు పాటిస్తున్నాం.

ఓటింగుల గురించి ఒక్క ముక్క. వీధి మొదట్లో స్పీడు బ్రేకరు కావాలా అని గ్రూపులో ఓటు పెడితే 112 మంది కావాలన్నారు. అర్జీ మీద సంతకానికి రమ్మంటే వచ్చింది తొమ్మిది మంది.

ఐదుకు మూడున్నర ఇస్తాను. కొత్తగా ఇల్లు మారినవాళ్లు మొదటి వారంలోనే చేరండి, మొదటి నెల ఏమీ రాయకండి, చదవండి చాలు. ఎవరి మాట నమ్మాలో, ఎవరు కంగారుపడే మనిషో అప్పటికి తెలిసిపోతుంది.

ఇంకొకటి, అడ్మిన్లకు. ఇళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్లు మా గ్రూపులో 17 మంది ఉన్నారు. వీళ్లను తీసేద్దామని ఒకసారి చర్చ వచ్చింది. నేనూ సరే అన్నాను. తేల్చకుండానే వదిలేశాం. పోయిన నెల రాత్రి పదకొండింటికి మా బిల్డింగులో పైపు పగిలి నీళ్లు మెట్ల మీదుగా కిందికి దూకుతున్నాయి. మెయిన్ వాల్వు ఎక్కడుందో ఒక్కరికీ తెలియదు. గ్రూపులో అడిగితే మూడేళ్ల కిందట ఊరే మారిపోయిన ఒకాయన జవాబిచ్చాడు. "మెట్ల కింద, పాత సైకిల్ వెనకాల. బిగుసుకుని ఉంటుంది, గుడ్డ చుట్టి కుడివైపు తిప్పండి." తిప్పాం, ఆగింది. అందరం తడిసిన బట్టలతో అక్కడే నిలబడి ఉండగా ఆయన మళ్లీ రాశాడు.

"సైకిల్ ఇంకా అక్కడే ఉందా?"

ఫొటో తీసి పెట్టాను. వెనక టైరు లేదు గానీ, ఉంది.