పోస్ట్‌గ్రెస్ మెమరీ కాంటెక్స్టులు, రిసోర్స్ ఓనర్లు: ఏళ్ల తరబడి వాడాక

పోస్ట్‌గ్రెస్‌కి సీ భాషలో ఎక్స్‌టెన్షన్లు రాయడం చాలా ఏళ్లుగా నా పని. ఈ డేటాబేస్ మీద రివ్యూలంటే ఇండెక్సులు, రెప్లికేషన్, వ్యాక్యూమ్ గురించే ఎక్కువ కనిపిస్తాయి. నేను మాత్రం లోపల చప్పుడు లేకుండా పనిచేసే ఒక్క భాగం గురించే రాస్తున్నాను. క్వెరీ సగంలో ఎర్రర్ వస్తే, అప్పటిదాకా తీసుకున్న మెమరీ, లాకులు, ఫైళ్లు, బఫర్ పిన్నులు (మెమరీలో ఉన్న డేటా పేజీ కదలకుండా పెట్టే పట్టు) ఎవరు తిరిగి ఇస్తారు? నేను పోస్ట్‌గ్రెస్‌ని నమ్మడానికి మొదటి కారణం దానికి ఉన్న జవాబే.

మామూలు సీ ప్రోగ్రాంలో మెమరీ అడిగే ప్రతి మాలాక్‌కీ ఎక్కడో దాన్ని తిరిగిచ్చే ఒక ఫ్రీ ఉండాలి. ఫంక్షన్ పది చోట్ల ఫెయిలయ్యే వీలుంటే, ఆ పది చోట్లా ఏమేం వదలాలో గుర్తుపెట్టుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో మెమరీ పాలాక్‌తో అడుగుతాం. అది ప్రస్తుత కాంటెక్స్ట్‌లోంచి, అంటే ఒకేసారి మొత్తంగా ఖాళీ చేయగల మెమరీ గుంపులోంచి ఇస్తుంది. మెమరీ దొరక్కపోతే నల్ ఇవ్వదు, నేరుగా ఎర్రర్ విసురుతుంది. ప్రతి పిలుపు తర్వాతా చెక్ రాసే బాధ లేదు. కాంటెక్స్టులు ఒకదాని కింద ఒకటి చెట్టులా ఉంటాయి: అన్నిటికంటే పైన టాప్ మెమరీ కాంటెక్స్ట్, దాని కింద ట్రాన్సాక్షన్‌ది, పోర్టల్‌ది (నడుస్తున్న క్వెరీది), ఇంకా కిందికి వెళ్తే ఒక్కో రో దగ్గరా ఖాళీ అయ్యే చిన్నవి. పైదాన్ని డిలీట్ చేస్తే కిందవన్నీ దాంతోపాటే పోతాయి. ఎర్రర్ ఎక్కడ పుట్టిందో సర్దేవాడికి తెలియనక్కర్లేదు. ఈ పద్ధతి 2001లో 7.1తో వచ్చింది, ఇప్పటికీ పునాది అదే.

ఇందులో నాకు బాగా నచ్చిన చిన్న విషయం ఎర్రర్ కాంటెక్స్ట్. మెమరీ అయిపోయిందని చెప్పడానికి కూడా కొంత మెమరీ కావాలి కదా. అందుకని అందులో ఎప్పుడూ కనీసం 8 కేబీ పక్కన పెట్టి ఉంచుతారు. ఇంత ముందుచూపుతో రాసిన కోడ్ చదువుతుంటే నిజంగా గౌరవం కలుగుతుంది.

ఇక మెమరీ కాని వాటి సంగతి. 2005లో వచ్చిన 8.0లో సేవ్‌పాయింట్లతో (ట్రాన్సాక్షన్ మధ్యలో వెనక్కి వెళ్లగల గుర్తులు) పాటు రిసోర్స్ ఓనర్లు వచ్చాయి. బఫర్ పిన్నులు, లాకులు, క్యాష్ రిఫరెన్సులు ఎవరి పేరు మీద తీసుకున్నారో అవి లెక్క రాసుకుంటాయి. ట్రాన్సాక్షన్ అబార్ట్ అయితే లెక్క ప్రకారం అన్నీ వదిలేస్తాయి. కమిట్ అయ్యేటప్పుడు లాకులు కాకుండా ఇంకేదైనా మిగిలి ఉంటే మాత్రం వదలడమే కాదు, లీక్ అయిందని లాగ్‌లో వార్నింగ్ కూడా పెడతాయి. ఆ వార్నింగ్ చాలా విలువైనది. నా టెస్టుల్లో అది కనిపిస్తే టెస్ట్ ఫెయిలైనట్టే లెక్క. ఎక్స్‌టెన్షన్లు రాసే ప్రతి ఒక్కరూ అలాగే పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

కష్టం ఎక్కడంటే, ఎర్రర్‌ని పట్టుకునే మాక్రోలైన పీజీ ట్రై, పీజీ క్యాచ్ దగ్గర. పేరు చూసి జావా ట్రై క్యాచ్ లాంటిదే అనుకుంటారు. లోపల ఉన్నది సిగ్‌సెట్‌జంప్, సిగ్‌లాంగ్‌జంప్: మొదటిది ఒక చోటు గుర్తుపెడుతుంది, రెండోది నేరుగా అక్కడికి దూకుతుంది. ట్రైలో మార్చిన లోకల్ వేరియబుల్‌ని క్యాచ్‌లో చదవాలంటే దాన్ని వోలటైల్ అని ప్రకటించాలి. ట్రై మధ్యలోంచి రిటర్న్ చేయకూడదు. చేస్తే ఎర్రర్ హ్యాండ్లర్ల స్టాక్ ఎప్పుడో ముగిసిపోయిన ఫంక్షన్‌నే చూపిస్తూ ఉండిపోతుంది, తర్వాత వచ్చే ఎర్రర్ ఎక్కడికి దూకుతుందో చెప్పలేం. కంపైలర్ అన్నిసార్లూ హెచ్చరించదు. క్యాచ్‌లోకి వచ్చేసరికి ప్రస్తుత కాంటెక్స్ట్ ఎర్రర్ కాంటెక్స్టే అయి ఉంటుంది, ముందు సొంత కాంటెక్స్ట్‌కి మారాలి. పైగా సెషన్‌నే ముగించే ఫేటల్ ఎర్రర్లు క్యాచ్‌కి రానే రావు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఎర్రర్‌ని పట్టుకోవడం వేరు, సర్దడం వేరు. క్యాచ్‌లోకి వచ్చాక ఎర్రర్‌ని అక్కడే మింగేసి మామూలుగా ముందుకెళ్తే, ఎర్రర్‌కి ముందు తీసుకున్న లాకులూ పిన్నులూ అలాగే పట్టుకుని ఉంటాయి, టేబుల్లో సగం చేసిన మార్పులూ అలాగే ఉంటాయి. మింగాలనుకుంటే ముందే సబ్‌ట్రాన్సాక్షన్ (ట్రాన్సాక్షన్ లోపలి చిన్న ట్రాన్సాక్షన్) మొదలుపెట్టి, ఎర్రర్ వచ్చాక దాన్ని రోల్‌బ్యాక్ చేసి, పాత కాంటెక్స్ట్‌నీ పాత రిసోర్స్ ఓనర్‌నీ తిరిగి పెట్టాలి. పోస్ట్‌గ్రెస్ సొంత ఫంక్షన్ల భాష పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్‌లో ఎక్సెప్షన్ బ్లాక్ లోపల చేసే పని ఇదే. అందుకే అది ఊరికే రాదు. ఒకే ట్రాన్సాక్షన్‌లో, లూప్‌లో ప్రతి రోకీ ఎక్సెప్షన్ బ్లాక్ పెట్టి ఇన్సర్టులు చేస్తే, ఒక్కో బ్యాకెండ్ (ఒక్కో కనెక్షన్‌కి పనిచేసే సర్వర్ ప్రాసెస్) షేర్డ్ మెమరీలో ఉంచుకునే 64 సబ్‌ట్రాన్సాక్షన్ ఐడీల హద్దు ఇట్టే దాటుతుంది. అప్పుడు మిగతా సెషన్లు కూడా విజిబిలిటీ (ఏ రో తమకి కనిపించాలో) చూసుకోడానికి, ఏ సబ్‌ట్రాన్సాక్షన్ దేని కిందిదో రాసి ఉండే పీజీ సబ్‌ట్రాన్స్ వైపు వెళ్లాల్సి వస్తుంది, లోడ్ ఉన్న సర్వర్ మీద ఆ నెమ్మది స్పష్టంగా తెలుస్తుంది.

ఏ కాంటెక్స్ట్‌లో పెట్టాలన్నది పూర్తిగా మన బుద్ధి మీదే ఆధారపడుతుంది, సాయం చేసేవాళ్లు ఉండరు. ఒకసారి ఒక సర్వర్‌లో కనెక్షన్లను మూయకుండా మళ్లీ మళ్లీ వాడించే కనెక్షన్ పూలర్ వెనక ఉన్న సెషన్లు రోజులు గడిచేకొద్దీ మెమరీలో ఉబ్బుతూ పోయాయి. 14వ వెర్షన్‌లో వచ్చిన పీజీ లాగ్ బ్యాకెండ్ మెమరీ కాంటెక్స్ట్స్ ఫంక్షన్‌కి ఆ ప్రాసెస్ ఐడీ ఇస్తే, సర్వర్ లాగ్‌లో చెట్టంతా వరసగా పడింది. ఒక ఎక్స్‌టెన్షన్ తన క్యాష్ అంతా నేరుగా టాప్ మెమరీ కాంటెక్స్ట్ కింద, సొంత పేరున్న కాంటెక్స్ట్‌లో పెట్టుకుంటోంది. క్వెరీ ముగిసినా, ట్రాన్సాక్షన్ ముగిసినా అది కదలదు. పేరు ఉంది కాబట్టి నిమిషాల్లో దొరికింది. మీరు కాంటెక్స్ట్ సృష్టిస్తే దయచేసి అర్థమయ్యే పేరు పెట్టండి, రేపు అర్ధరాత్రి టెన్షన్‌లో లాగ్ చదివేవాళ్లకి ఆ పేరే దిక్కు.

బయటి లైబ్రరీలు వాడినప్పుడు ఈ ఏర్పాటంతా గుడ్డిదైపోతుంది. పోస్ట్‌గ్రెస్ క్లయింట్ లైబ్రరీ లిబ్‌పీక్యూ ఇచ్చే రిజల్ట్ మాలాక్‌తో పుట్టినది, పాలాక్‌తో కాదు. దాన్ని చేతిలో పట్టుకుని ఉండగా ఎర్రర్ వస్తే ఏ కాంటెక్స్టూ దాన్ని సర్దదు. 13వ వెర్షన్‌లో ఎర్రర్ వచ్చినా రాకపోయినా నడిచే పీజీ ఫైనల్లీ వచ్చాక, రిజల్ట్‌ని వదిలే అదే క్లియర్ పిలుపును రెండు చోట్ల రాసే అవస్థ తప్పింది. 9.5 నుంచి ఉన్న రీసెట్ కాల్‌బ్యాక్ ఇంకా నయం: కాంటెక్స్ట్ రీసెట్ అయినా డిలీట్ అయినా మన ఫంక్షన్‌ని పిలుస్తుంది, అందులో బయటి వస్తువుని వదిలేస్తే సరిపోతుంది. కొత్తగా రాసేవాళ్లకి నేను మొదట చూపించేది దాన్నే.

17వ వెర్షన్‌లో ఎక్స్‌టెన్షన్లు తమ సొంత రకం వనరుల్ని కూడా రిసోర్స్ ఓనర్ లెక్కలో చేర్చుకునే వీలు చక్కగా కుదిరింది. దాని క్రమం గమనించదగ్గది. వనరు తీసుకోకముందే ఎన్‌లార్జ్ పిలిచి లెక్కలో చోటు సిద్ధం చేసుకోవాలి, తర్వాత వనరు తీసుకోవాలి, ఆ తర్వాత రిమెంబర్ పిలవాలి. చోటు దొరక్క ఎర్రర్ వస్తే మొదటి అడుగులోనే వస్తుంది, అప్పటికి మన చేతిలో ఏమీ ఉండదు. వనరు వచ్చాక రాసుకోవడం ఫెయిలయ్యే సందే లేదు. పాత వెర్షన్లను కూడా నడపాలి కాబట్టి నా ఎక్స్‌టెన్షన్లలో రీసెట్ కాల్‌బ్యాకులు ఇంకొన్నాళ్లు ఉంటాయి. 16కి సపోర్ట్ ఆపే రోజున వాటిలో చాలావరకు రిసోర్స్ ఓనర్ కిందికి మార్చేస్తాను.