వీల్యాన్‌లు వంద దాటితే ఏ చిన్న స్విచ్ మేలు?

"పెద్ద స్విచ్ పెట్టే చోటు లేదు, ఫ్యాన్ చప్పుడు వద్దు, వీల్యాన్‌లు మాత్రం వందకు పైనే. ఏది కొనమంటారు?" ఈ ప్రశ్న ఈమధ్య మళ్లీ మళ్లీ వస్తోంది. (స్విచ్ అంటే కంప్యూటర్లను కేబుళ్లతో నెట్‌వర్క్‌గా కలిపే పెట్టె. వీల్యాన్ అంటే అదే స్విచ్‌లో విడగొట్టి నడిపే వేరు నెట్‌వర్క్.) పోర్టులు, స్పీడ్ అందరూ చూసుకుంటారు. నేనైతే ముందు చూసేది ఒకేసారి ఎన్ని వీల్యాన్‌లు నడుస్తాయన్నది.

డబ్బా మీద "4కే వీల్యాన్" అని ఉంటే పొంగిపోకండి. డేటాకు తగిలించే ట్యాగ్‌లో వీల్యాన్ నంబరుకు 12 బిట్లు ఉంటాయి కాబట్టి 1 నుంచి 4094 దాకా ఏ నంబరైనా వాడుకోవచ్చు, అంతవరకే. టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ108ఈలో అందులోంచి ఒకేసారి 32 మాత్రమే పెట్టుకోగలం. నెట్‌గేర్ జీఎస్308ఈలో 64. ఇంటికి, చిన్న ఆఫీసుకు భేషుగ్గా ఉంటాయి. మనకు పనికిరావు. సెట్టింగులే మార్చలేని అన్‌మేనేజ్డ్ స్విచ్‌ల ఊసే వద్దు.

సెకండ్‌హ్యాండ్‌లో చాలామంది వెతికేది సిస్కో క్యాటలిస్ట్ 2960-సీ. అందులో ల్యాన్ బేస్ ఇమేజ్ (స్విచ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక రకం) ఉంటే 255 వీల్యాన్‌లు తీసుకుంటుంది. చిక్కంతా స్పానింగ్ ట్రీతో, అంటే కేబుళ్లు చుట్టు తిరిగి లూప్ అయితే కాపాడే ఏర్పాటుతో. వీల్యాన్‌కొక స్పానింగ్ ట్రీ చొప్పున నడిచే పీవీఎస్‌టీ పద్ధతిలో అలాంటివి 128 మాత్రమే దొరుకుతాయి. 129వ వీల్యాన్ పెట్టినా స్విచ్ వద్దనదు, ట్రాఫిక్ కూడా మామూలుగానే వెళ్తుంది. కానీ ఆ వీల్యాన్‌కు లూప్ నుంచి రక్షణ ఉండదు. ఎవరో ఒక కేబుల్ తప్పుగా గుచ్చిన రోజున బ్రాడ్‌కాస్ట్ తుఫానే, అంటే అదే డేటా ఆగకుండా తిరిగి నెట్‌వర్క్ స్తంభిస్తుంది. చాలా వీల్యాన్‌లను కలిపి ఒకే స్పానింగ్ ట్రీ కింద పెట్టే ఎంఎస్‌టీకి మారితే ఈ గొడవ తీరుతుంది, కాకపోతే నెట్‌వర్క్‌లోని మిగతా స్విచ్‌లన్నిట్లోనూ ఏ వీల్యాన్ ఏ ట్రీ కిందో చెప్పే మ్యాపింగ్ ఒకేలా ఉండాలి. ఇంకో మాట: ట్రంక్ (చాలా వీల్యాన్‌లను ఒకే కేబుల్ మీద మోసే లింక్) మీద కొత్త వీల్యాన్ చేర్చేటప్పుడు కమాండ్‌లో 'యాడ్' అన్న పదం మరిచారో, అప్పటిదాకా ఉన్న వీల్యాన్‌ల జాబితా మొత్తం ఎగిరిపోతుంది.

నా ఓటు మైక్రోటిక్ సీఆర్‌ఎస్305కి. ఫ్యాన్ లేదు, నాలుగు 10జీ ఎస్‌ఎఫ్‌పీ+ (మాడ్యూల్ గుచ్చుకునే) పోర్టులు, ఒక గిగాబిట్ పోర్టు. 4కే వీల్యాన్‌లు నిజంగానే ఒకేసారి నడుస్తాయి, అదీ చిప్‌లోనే. పైన చెప్పిన ఎంఎస్‌టీ కూడా ఉంది. రాగి కేబుళ్లు ఎక్కువుంటే మాత్రం అదే సీఆర్‌ఎస్3 వరుసలో వేరే మోడల్ చూసుకోండి.

అయితే దీనికీ ఓ మెలిక ఉంది. వీల్యాన్‌కొక బ్రిడ్జ్ (పోర్టులను కలిపి ఉంచే సెట్టింగ్) చొప్పున కట్టుకుంటూ పోతే చిప్ చేయాల్సిన పని సీపీయూ నెత్తిన పడి స్పీడ్ చతికిలపడుతుంది. ఒకే బ్రిడ్జ్ పెట్టి, దాని మీద వీల్యాన్ ఫిల్టరింగ్ (ఏ పోర్టులో ఏ వీల్యాన్ వెళ్లాలో చూసే సెట్టింగ్) ఆన్ చేయాలి. బ్రిడ్జ్ పోర్టుల జాబితాలో ప్రతి పోర్టు పక్కన 'హెచ్' అక్షరం కనిపిస్తే పని చిప్‌లో జరుగుతున్నట్టే. స్విచ్‌లోకి మీరు లాగిన్ అయ్యే మేనేజ్‌మెంట్ వీల్యాన్ సరిచూసుకున్నాకే, అన్నిటికన్నా చివర, సేఫ్ మోడ్‌లో (కనెక్షన్ తెగితే మార్పులు వాటంతటవే వెనక్కి పోతాయి) ఉండి ఆ ఫిల్టరింగ్ ఆన్ చేయండి. లేదంటే స్విచ్ మిమ్మల్నే బయటికి గెంటేస్తుంది.