టమాట ఆకుమాడుకి ఏది మేలు: మాంకోజెబా, మైలతుత్తమా, కత్తెరా?

జూలైలో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు, హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ వెనక తోటలో ఎవరో ఒకరు టమాట ఆకు పట్టుకుని వస్తారు. అది ఎప్పుడూ అడుగు ఆకే. దాని మీద గోధుమరంగు మచ్చ, మచ్చలో ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు ఒకదానిలో ఒకటి వలయాలు, చుట్టూ పసుపు. ఆకుమాడు తెగులు. ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. ఆకులు ముడుచుకుపోయి మొక్క గిడసబారితే మాత్రం అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికి ఇక్కడ చెప్పేవేవీ పనిచేయవు.

తోటలో మేం పదకొండు ఇళ్లవాళ్లం. ఎవరి మడి వారిదే, కానీ గాలీ వానా అందరివీ. అందుకే ఏ మందు కొట్టాలన్నది ఏటా పెద్ద చర్చే.

మాంకోజెబ్ అనే శిలీంధ్రనాశని వాడకం తేలిక. లీటరు నీటికి 2.5 గ్రాములు కలిపి కొట్టడమే. అయితే కొట్టాక డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా కాయ కోయకూడదు. మా తోటలో ఎవరో ఒకరు రోజూ కోస్తూనే ఉంటారు, పిల్లలైతే చొక్కాకి తుడిచి అక్కడే కొరికేస్తారు. యూరోపియన్ యూనియన్ 2020 చివర్లో దీని అనుమతిని పొడిగించలేదు. మదనపల్లె వైపు ఎకరాలకు ఎకరాలు టమాట వేసిన రైతుకు నేను నీతులు చెప్పను, ఆయన లెక్క వేరు. మా చిన్న మడులకు మాత్రం ఇది వద్దనే అంటాను.

బోర్డో మిశ్రమం కాస్త పనితో కూడుకున్నది. పది లీటర్ల నీటికి 100 గ్రాముల మైలతుత్తం (కాపర్ సల్ఫేట్, అంటే రాగి లవణం), 100 గ్రాముల సున్నం. రెండు ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కరిగించి, మైలతుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి మెల్లగా పోస్తూ కలపాలి. ఇనుప పాత్ర వాడకూడదు. ఆకాశపు రంగు వచ్చాక ఒక ఇనుప మేకు ముంచి చూడండి. మేకుకి ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాలలేదన్నమాట, ఇంకొంచెం పోయాలి. లేకపోతే ఆకులు మాడతాయి. లేత మొక్కలకైతే అంతే నీటికి మైలతుత్తం, సున్నం రెండూ సగం చేసుకోండి. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడేయాలి. ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతపు రైతులు దారిన పోయేవాళ్లు ద్రాక్ష కోసుకోకుండా రోడ్డు పక్క తీగలకు ఇలాంటి నీలిపూత పూసేవారట. ఆ తీగలకే తెగులు రాకపోవడం మిలార్డే అనే శాస్త్రవేత్త కంటబడింది, 1885లో ఆయన దీన్ని లోకానికి చెప్పాడు. మా పిల్లల దగ్గరా ఆ ఉపాయం పారింది, నీలిమరకలున్న కాయను ముట్టరు. పెద్దలు బాగా కడిగి వండుకుంటారు. కాకపోతే రాగి మట్టిలో పేరుకుంటుంది, కాబట్టి వారం వారం కొట్టేది కాదు. తెగుళ్లను అడ్డుకునే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా మందు వాడేవాళ్లు దీంతో కలిపి కొట్టకండి, రాగికి ఆ మంచి బ్యాక్టీరియా కూడా చచ్చిపోతుంది.

పుల్లమజ్జిగ గురించి అడుగుతారు. నేనూ రెండేళ్లు కొట్టాను. హాని లేదు, ఖర్చు లేదు, కానీ ముసురులో మచ్చలు మాత్రం ఆగలేదు.

అసలు సంగతేమిటంటే, పై మందులేవీ వచ్చిన మచ్చను మాన్పవు, కొత్త మచ్చ రాకుండా అడ్డుపడతాయంతే. తెగులు రాలిన ఆకుల్లో, మట్టిలో దాక్కుని, నీటి చుక్క మట్టి మీద పడి చిందినప్పుడు అడుగు ఆకులకు ఎక్కుతుంది. అందుకే నా ఓటు కత్తెరకి. మొక్క మోకాలెత్తు దాటగానే అడుగు ఆకులు జానెడు ఎత్తు వరకు తీసేయడం, కర్ర పాతి కట్టడం, మొక్క మొదలు చుట్టూ వరిగడ్డి పరచడం. ఆకులు తడిగా ఉన్నప్పుడు కత్తిరించకూడదు, కోసినవి కంపోస్టులో వేయకూడదు. వంగ, టమాట ఒకే మడిలో వెంటవెంటనే వేయకూడదు. ఇవన్నీ చేశాక కూడా వాన వదలకపోతే, అప్పుడు ఒకసారి బోర్డో.

చిక్కల్లా నీళ్ల దగ్గరే. పొద్దున్నే మొక్క మొదలు దగ్గర పోయమంటే, సాయంత్రం పైపు పట్టుకుని మొక్కకి తలస్నానం చేయిస్తారు. రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగులుకి అంతకన్నా ఏం కావాలి? చెప్పి చెప్పి విసిగి, ఈసారి పైపుకున్న షవర్ తల తీసి మా ఇంట్లో దాచాను. ఎవరైనా అడిగితే, ఎక్కడో పోయిందంటున్నాను.