తాత పుట్టిన తేదీ: గుడి రిజిస్టరా, మున్సిపల్ రికార్డా?

హైదరాబాద్‌లో కథోలిక కుటుంబం మూలాలు వెతికేవారు 1970కి ముందు పుట్టినవాళ్లకైతే ముందు గుడికే (చర్చికే) వెళ్లాలి. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది, అంతకుముందు నమోదు అంతంతమాత్రం.

గుడిలోని జ్ఞానస్నాన (బాప్తిస్మం) రిజిస్టర్‌లో బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, జ్ఞానతల్లిదండ్రులు (గాడ్ పేరెంట్స్) ఉంటారు. జ్ఞానతండ్రి తరచూ మేనమామో పెదనాన్నో అవుతాడు, కాబట్టి ఆ పేరూ రాసుకోండి. అసలు విలువ పక్కన ఖాళీలో ఉంటుంది: ఆ బిడ్డకు తర్వాత పెళ్లి ఏ విచారణలో (ఒక గుడి పరిధిలోని ప్రాంతం, పారిష్) జరిగిందో ఆ ఖాళీలోనే రాస్తారు. దాన్ని పట్టుకుంటే తర్వాత ఏ గుడికి వెళ్లాలో తెలుస్తుంది. అందుకే సర్టిఫికెట్ ఒక్కటే తీసుకుని వచ్చేయకండి, పక్క రాతలతో సహా నకలు అడగండి.

చిక్కల్లా పేర్లతోనే. ఇంట్లో జోజయ్య, పుస్తకంలో లాటిన్‌లో ‘జోసెఫుస్’, ఇన్నాసయ్య ‘ఇగ్నాషియుస్’. ఇంటిపేరు చాలాచోట్ల అసలు ఉండదు. జ్ఞానస్నానం తేదీని పుట్టిన తేదీగా రాసుకోవడం మరో మామూలు పొరపాటు.

హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ) రికార్డులో ఇంటిపేరు, చిరునామా దొరికే అవకాశం ఎక్కువ. పాస్‌పోర్టుకూ కోర్టుకూ అదే బలం. కానీ జ్ఞానతల్లిదండ్రులు, పెళ్లి ఊసు ఉండవు. మరణ ధ్రువపత్రంలో చావుకు కారణమూ రాయరు. పేరు పెట్టకముందే నమోదైతే పేరు గడి ఖాళీగా ఉంటుంది, అప్పుడు తల్లి పేరు, ఆసుపత్రి, తేదీతో వెతికించాలి.